జ్వరం వచ్చినప్పుడు కొలెస్ట్రాల్ ఎందుకు తగ్గుతుంది?

విద్యార్థులారా! ఈ పాఠాన్ని రెండు కాగితాలతో మొదలుపెడదాం. ఇవి ఒక ఇంటి పెద్దాయన రక్తపరీక్ష కాగితాలు అనుకోండి. ఆయన వయసు యాభై రెండేళ్లు. మార్చి నెలలో పరగడుపున రక్తం ఇచ్చి పరీక్ష చేయించుకున్నారు. మొత్తం కొలెస్ట్రాల్ 213, ఎల్‌డీఎల్ 142, హెచ్‌డీఎల్ 41, ట్రైగ్లిజరైడ్లు 150 అని వచ్చింది. ఈ అంకెలన్నీ ఒక డెసిలీటరుకు ఇన్ని మిల్లీగ్రాములు అనే లెక్కలో ఉన్నవి. ఆయనకు రక్తపోటు, మధుమేహం కూడా ఉండటంతో డాక్టరు మాత్రలు మొదలుపెట్టమన్నారు. ఆయన "చూద్దాంలే" అంటూ వాయిదా వేశారు.

ఏప్రిల్‌లో ఆయనకు న్యుమోనియా వచ్చి ఆసుపత్రిలో చేరవలసి వచ్చింది. అక్కడ మిగతా పరీక్షలతోపాటు ఈ పరీక్షా చేశారు. ఈసారి మొత్తం కొలెస్ట్రాల్ 173, ఎల్‌డీఎల్ 96, హెచ్‌డీఎల్ 29, ట్రైగ్లిజరైడ్లు 240.

ఇంటికి వచ్చాక పెద్దాయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని, కాలేజీలో చదివే కూతురిని పిలిచారు. "చూశావామ్మా, మందు వేసుకోకుండానే నలభై తగ్గింది. ఇక మాత్రలు దేనికి?" అన్నారు.

ఆ అమ్మాయి ఏమని జవాబు చెప్పాలి? తగ్గిన మాట నిజమే కదా? పరీక్షశాల పొరపాటు కూడా చేయలేదు. అయినా పెద్దాయన చేసిన నిర్ణయం ప్రమాదకరమైనది. ఎందుకో తెలియాలంటే రక్తంలో కొవ్వును మోసే రేణువుల గురించి, వాటి మీద వాపు ప్రక్రియ చూపే ప్రభావం గురించి మనం తెలుసుకోవాలి.

నీళ్లలో నూనె ప్రయాణం

రక్తంలో ఎక్కువ భాగం నీరే. కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు కొవ్వు జాతికి చెందినవి. నీళ్లలో నూనె కలవదన్న సంగతి మీరు వంటింట్లో రోజూ చూసేదే. మరి రక్తంలో ఈ కొవ్వు పైకి తేలి గడ్డకట్టకుండా ఎలా ప్రయాణిస్తోంది?

పూర్ణం బూరెను గుర్తుచేసుకోండి. లోపల పూర్ణం, పైన పిండి పొర. కొవ్వును మోసే రేణువు నిర్మాణం ఇంచుమించు అలాగే ఉంటుంది. నీటికి దూరంగా ఉండే ట్రైగ్లిజరైడ్లు, కొలెస్ట్రాల్ ఎస్టర్లు లోపల ఉంటాయి. నీటితో కలిసిపోగల ఫాస్ఫోలిపిడ్లు పైపొరగా ఏర్పడతాయి. ఆ పొరలో కొన్ని ప్రోటీన్లు అమరి ఉంటాయి. వీటిని అపోప్రోటీన్లు అంటారు. ఈ రేణువు ఏ అవయవం దగ్గర ఆగాలి, ఏ ఎంజైముతో పనిచేయాలి అన్నది నిర్ణయించేవి ఈ ప్రోటీన్లే. మొత్తం రేణువును లైపోప్రోటీన్ అంటారు. 'కణం' అనే మాటను మనం జీవకణానికి వాడుతాం కాబట్టి, ఈ పాఠంలో లైపోప్రోటీన్లను 'రేణువులు' అనే పిలుద్దాం.

ఈ రేణువులలో ముఖ్యమైనవి నాలుగు రకాలు. భోజనంలోని కొవ్వును పేగుల నుంచి మోసేవి కైలోమైక్రాన్లు. కాలేయం తయారుచేసి పంపే ట్రైగ్లిజరైడ్లను మోసేవి వీఎల్‌డీఎల్ రేణువులు. వీఎల్‌డీఎల్ తన ట్రైగ్లిజరైడ్లను కండరాలకు, కొవ్వు కణజాలానికి ఇచ్చేశాక, చివరకు కొలెస్ట్రాల్ ఎక్కువగా మిగిలిన ఎల్‌డీఎల్‌గా మారుతుంది. దీని వ్యాసం సుమారు 20 నుంచి 25 నానోమీటర్లు. నాలుగోది హెచ్‌డీఎల్. ఇది అన్నింటికన్నా చిన్నది, సుమారు 7 నుంచి 12 నానోమీటర్లు. నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లవ వంతు.

ఎల్‌డీఎల్ ఎక్కువైతే రక్తనాళాల గోడల్లోకి చేరి పేరుకుంటుంది. అందుకే దానికి 'చెడ్డ కొలెస్ట్రాల్' అన్న పేరు వచ్చింది. హెచ్‌డీఎల్ కణజాలాల్లో మిగిలిన కొలెస్ట్రాల్‌ను తీసుకుని తిరిగి కాలేయానికి చేరుస్తుంది. ఎల్‌డీఎల్ ఆక్సీకరణం చెందకుండా కూడా అడ్డుపడుతుంది. అందుకే దాన్ని 'మంచి కొలెస్ట్రాల్' అంటున్నాం. నిజానికి రెండింటిలోనూ ఉన్నది ఒకే కొలెస్ట్రాల్. తేడా అంతా దాన్ని మోసే రేణువులో ఉంది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. మామూలు రక్తపరీక్ష కొలిచేది ఈ రేణువుల లోపల ఉన్న సరుకును మాత్రమే. రేణువులు ఎన్ని ఉన్నాయో, అవి తమ పని సరిగా చేస్తున్నాయో లేదో ఆ కాగితం చెప్పదు. ఈ మాటను గుర్తుపెట్టుకోండి. పాఠం చివర దీనితో మనకు పని ఉంది.

వాపు అంటే ఏమిటి?

చేతికి ముల్లు గుచ్చుకుంటే ఆ చోట ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది, ఉబ్బుతుంది, నొప్పి పుడుతుంది. ఈ నాలుగు లక్షణాలనూ క్రీస్తుశకం మొదటి శతాబ్దంలోనే రోమన్ రచయిత సెల్సస్ రాసి ఉంచాడు. దీన్నే ఇన్‌ఫ్లమేషన్ అని, తెలుగులో శోథ లేదా వాపు ప్రక్రియ అని అంటాం. ఇది జబ్బు కాదు, శరీరం చేసే ఆత్మరక్షణ. తెల్లరక్తకణాలు గాయం దగ్గరికి చేరడానికి, సూక్ష్మజీవులను చంపడానికి, దెబ్బతిన్న భాగాన్ని బాగుచేయడానికి ఈ ప్రక్రియ అవసరం.

గాయం పెద్దదైనా, న్యుమోనియా వంటి వ్యాధి సోకినా, ఈ ప్రక్రియ ఒక్క చోటికే పరిమితం కాదు. తెల్లరక్తకణాలు ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6, ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్లను రక్తంలోకి విడుదల చేస్తాయి. ఇవి దూతల్లాంటివి. మెదడుకు చేరి జ్వరం తెప్పిస్తాయి. కాలేయానికి చేరి అక్కడి ఉత్పత్తుల పట్టికనే మార్చేస్తాయి. మామూలు రోజుల్లో తయారయ్యే కొన్ని ప్రోటీన్లు తగ్గిపోతాయి. అత్యవసర సమయంలో కావలసినవి విపరీతంగా పెరుగుతాయి. దీనికే 'తీవ్రదశ ప్రతిస్పందన' అని పేరు.

మీ ఇళ్లలో జ్వరం వచ్చినప్పుడు డాక్టర్లు 'సీఆర్‌పీ' పరీక్ష రాయడం చూసే ఉంటారు. సి-రియాక్టివ్ ప్రోటీన్ అన్నది దాని పూర్తి పేరు. 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో విలియం టిల్లెట్, థామస్ ఫ్రాన్సిస్ అనే శాస్త్రజ్ఞులు న్యుమోనియా రోగుల రక్తంలోనే దీన్ని కనుగొన్నారు. వ్యాధి తీవ్రంగా ఉంటే ఒకటి రెండు రోజుల్లోనే దీని స్థాయి వెయ్యి రెట్ల దాకా పెరగగలదు. అంత వేగంగా పెరిగే మరొక ప్రోటీన్ కూడా ఉంది. దాని పేరు సీరం అమిలాయిడ్-ఏ. మన కథలో ముఖ్యపాత్ర దీనిదే, ఎందుకంటే ఇది రక్తంలో ఒంటరిగా తిరగదు. నేరుగా వెళ్లి హెచ్‌డీఎల్ మీద ఎక్కి కూర్చుంటుంది.

హెచ్‌డీఎల్ రూపం మారుతుంది

ఆరోగ్యంగా ఉన్న మనిషి హెచ్‌డీఎల్‌లోని ప్రోటీన్‌లో సుమారు 70 శాతం అపోప్రోటీన్ ఏ-1 అనేదే ఉంటుంది. కణాల నుంచి కొలెస్ట్రాల్‌ను బయటికి లాగే పనికి ఇదే ఆధారం. దీనితోపాటు పారాక్సోనేజ్ అనే ఎంజైము కూడా హెచ్‌డీఎల్ మీద ఉంటుంది. ఈ పేరు వెనుక ఒక విశేషం ఉంది. పారాథయాన్ అనే పురుగుమందు శరీరంలో పారాక్సాన్ అనే విషంగా మారుతుంది. ఆ విషాన్ని విడగొట్టగలదు కాబట్టి ఈ ఎంజైముకు ఆ పేరు వచ్చింది. ఎల్‌డీఎల్ ఆక్సీకరణం కాకుండా కాపాడటంలో కూడా దానికి పాత్ర ఉందని తరువాత తెలిసింది.

తీవ్రమైన వాపు వచ్చినప్పుడు సీరం అమిలాయిడ్-ఏ పెద్ద మొత్తంలో వచ్చి హెచ్‌డీఎల్ పైపొరలో చేరుతుంది. అపోప్రోటీన్ ఏ-1 తగ్గిపోతుంది. పారాక్సోనేజ్ కూడా తగ్గుతుంది. వ్యాధి బాగా ముదిరినప్పుడు హెచ్‌డీఎల్‌లో సీరం అమిలాయిడ్-ఏ ప్రధాన ప్రోటీన్‌గా మారిపోవడం కూడా జరుగుతుంది.

1995లో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రచురించారు. కుందేళ్లలో కృత్రిమంగా వాపు కలిగించి రోజూ వాటి హెచ్‌డీఎల్‌ను పరీక్షించారు. అపోప్రోటీన్ ఏ-1 73 శాతం తగ్గింది. పారాక్సోనేజ్ 71 శాతం తగ్గింది. మూడో రోజుకల్లా ఎల్‌డీఎల్‌ను ఆక్సీకరణం నుంచి కాపాడే శక్తి హెచ్‌డీఎల్‌కు పూర్తిగా పోయింది. ఆ తరువాత కొంత తిరిగి వచ్చింది. తీవ్రదశలో ఉన్న మనుషుల హెచ్‌డీఎల్‌లో కూడా ఇటువంటి మార్పులు కనిపించాయి. రక్షకుడిగా పేరుపొందిన రేణువు వాపు సమయంలో ఆ పని మానేస్తుందని, ఒక్కోసారి వాపును పెంచే పక్షాన నిలుస్తుందని ఈ పరిశోధన చూపింది.

దీనికి తోడు మరో మార్గం కూడా ఉంది. తెల్లరక్తకణాల్లో మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైము ఉంటుంది. సూక్ష్మజీవులను చంపడానికి ఇది హైపోక్లోరస్ ఆమ్లాన్ని తయారుచేస్తుంది. మంచినీటి బావిలో బ్లీచింగ్ పౌడరు వేసినప్పుడు క్రిములను చంపేది కూడా ఈ ఆమ్లమే. రక్తనాళం గోడలో ఇది విడుదలైతే దగ్గరలో ఉన్న అపోప్రోటీన్ ఏ-1 కూడా దెబ్బతింటుంది. అలా దెబ్బతిన్న ప్రోటీన్ కణాల నుంచి కొలెస్ట్రాల్‌ను సరిగా తీసుకోలేదు.

ట్రైగ్లిజరైడ్లు పెరుగుతాయి, ఎల్‌డీఎల్ తగ్గుతుంది

ఇప్పుడు పెద్దాయన రెండో కాగితంలోని ట్రైగ్లిజరైడ్ల సంగతి చూద్దాం. 150 నుంచి 240కి పెరిగాయి. న్యుమోనియాతో సరిగా అన్నమే తినని మనిషికి కొవ్వు ఎందుకు పెరిగింది?

ఈ ప్రశ్నకు జవాబు ఒక పశువ్యాధి పరిశోధనలో దొరికింది. ఆఫ్రికాలో నిద్రవ్యాధి కలిగించే ట్రిపనోసోమా జాతి పరాన్నజీవులు పశువులకు కూడా సోకుతాయి. సోకిన జంతువు ఎండిపోయి చిక్కిపోతుంది. ఈ పరాన్నజీవి సోకిన కుందేళ్లను ఆంథొనీ సెరామి బృందం పరిశీలించినప్పుడు వాటి శరీరం చిక్కిపోతున్నా, రక్తంలో మాత్రం ట్రైగ్లిజరైడ్లు విపరీతంగా పెరిగి ఉన్నాయి. రక్తంలోని ట్రైగ్లిజరైడ్లను విడగొట్టి కణజాలాలకు అందించే లైపోప్రోటీన్ లైపేజ్ అనే ఎంజైమును ఏదో పదార్థం అణచివేస్తోందని వారు గుర్తించి, దానికి 'కాకెక్టిన్' అని పేరు పెట్టారు. 1985లో బ్రూస్ బాయిట్లర్, సెరామి తదితరులు కాకెక్టిన్, ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్ ఒకటేనని చూపారు. పైన మనం చెప్పుకున్న దూతల్లో ఒకటి అదే. బాయిట్లర్ రోగనిరోధక శాస్త్రంలో చేసిన మరో పరిశోధనకు 2011లో నోబెల్ బహుమతి అందుకున్నారు.

కాబట్టి వాపు సమయంలో రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. కాలేయం వీఎల్‌డీఎల్‌ను ఎక్కువగా పంపుతుంది. దాన్ని ఖాళీచేసే ఎంజైము మందగిస్తుంది. ఫలితంగా ట్రైగ్లిజరైడ్లు రక్తంలో నిలిచిపోతాయి.

ఎల్‌డీఎల్, హెచ్‌డీఎల్ అంకెలు మాత్రం మనుషుల్లోనూ కోతుల్లోనూ తగ్గుతాయి. ఎలుకల్లో ఇలా జరగదు, వాటి కొలెస్ట్రాల్ పెరుగుతుంది. ఒక జంతువులో చూసినదాన్ని మనిషికి వెంటనే అన్వయించకూడదని ఇది మనకు నేర్పుతుంది. మలేరియా రోగుల్లో కూడా ఎల్‌డీఎల్, హెచ్‌డీఎల్ తగ్గి ట్రైగ్లిజరైడ్లు పెరగడాన్ని అనేక దేశాల్లో వైద్యులు గమనించారు. పెద్ద శస్త్రచికిత్స తరువాత, గుండెపోటు వచ్చిన తరువాత కూడా కొలెస్ట్రాల్ అంకెలు తగ్గుతాయి.

పెద్దాయన కాగితంలో కనిపించిన 'మెరుగుదల' ఇదే. ఆయన రక్తనాళాలు శుభ్రపడటం వల్ల వచ్చిన తగ్గుదల కాదు. న్యుమోనియా చేసిన మార్పు అది.

శరీరం ఇలా ఎందుకు చేస్తుంది?

ఈ మార్పులన్నీ హానికరమైతే శరీరం వాటిని ఎందుకు చేపడుతుంది అన్న సందేహం మీకు రావచ్చు. ఎన్నికల రోజుల్లో ఆర్టీసీ బస్సులను పోలింగ్ సిబ్బంది కోసం తీసుకోవడం మీరు చూసే ఉంటారు. ఆ ఒకటి రెండు రోజులు ఊళ్ల మధ్య బస్సులు సరిగా తిరగవు. ప్రయాణికులకు ఇబ్బందే. అయినా అవసరం అటువంటిది. ఎన్నికలు అయిపోగానే బస్సులు మళ్లీ తమ దారిలో తిరుగుతాయి.

లైపోప్రోటీన్ రేణువులను కూడా శరీరం అలాగే అత్యవసర పనికి మళ్లిస్తుంది. కొన్ని రకాల బ్యాక్టీరియాల పైగోడలో ఎండోటాక్సిన్ అనే విషపదార్థం ఉంటుంది. అది రక్తంలోకి వస్తే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. లైపోప్రోటీన్ రేణువులు ఈ విషాన్ని తమకు అంటించుకుని దాని శక్తిని తగ్గిస్తాయి. పెరిగిన ట్రైగ్లిజరైడ్లు పోరాటంలో ఉన్న కణాలకు ఇంధనంగా ఉపయోగపడతాయి. దెబ్బతిన్న కణాల పొరలను తిరిగి కట్టడానికి కొలెస్ట్రాల్ కావాలి. కాబట్టి నాలుగు రోజుల జ్వరంలో ఈ ఏర్పాటు మనకు మేలే చేస్తుంది. చిక్కంతా ఆ జ్వరం లాంటి స్థితి ఏళ్ల తరబడి కొనసాగినప్పుడు వస్తుంది.

చల్లారని నిప్పు

అన్ని వాపులూ జ్వరంలా బయటపడవు. పొగతాగేవారిలో, పొట్ట చుట్టూ కొవ్వు పేరుకున్నవారిలో, చిగుళ్ల వ్యాధి ఉన్నవారిలో, కీళ్లవాతం వంటి జబ్బులున్నవారిలో నివురుగప్పిన నిప్పులా తక్కువ స్థాయి వాపు ఏళ్ల తరబడి ఉంటుంది. పొట్టలోని కొవ్వు కణజాలం సరుకు దాచుకునే గిడ్డంగి మాత్రమే కాదు. అది కూడా ఇంటర్‌ల్యూకిన్-6 వంటి దూతలను విడుదల చేస్తుంది.

అటువంటప్పుడు ట్రైగ్లిజరైడ్లు ఎప్పుడూ కొంత ఎక్కువగానే ఉంటాయి. ఎక్కువైన ట్రైగ్లిజరైడ్లు వీఎల్‌డీఎల్ నుంచి ఎల్‌డీఎల్, హెచ్‌డీఎల్ రేణువుల్లోకి మారుతాయి. బదులుగా వాటి కొలెస్ట్రాల్ వీఎల్‌డీఎల్‌లోకి పోతుంది. తరువాత కాలేయపు ఎంజైము ఆ ట్రైగ్లిజరైడ్లను విడగొట్టేసరికి ఎల్‌డీఎల్ కుంచించుకుని చిన్నగా, సాంద్రంగా తయారవుతుంది. ఇటువంటి చిన్న రేణువులు రక్తంలో ఎక్కువ కాలం ఉంటాయి. నాళం గోడలోకి సులువుగా దూరి, అక్కడ అతుక్కుని, త్వరగా ఆక్సీకరణం చెందుతాయి.

వంద కిలోల బియ్యాన్ని నాలుగు బస్తాల్లో మోయవచ్చు, ఇరవై చిన్న సంచుల్లోనూ మోయవచ్చు. కాటా మీద బరువు ఒకటే. ఎల్‌డీఎల్ అంకె కూడా కాటా బరువు లాంటిదే. ఒకే అంకె ఉన్న ఇద్దరిలో ఒకరికి ఎక్కువ రేణువులు ఉండవచ్చు. ఒక్కో ఎల్‌డీఎల్ రేణువు మీద అపోప్రోటీన్-బి ఒక్కటే ఉంటుంది కాబట్టి, ఆ ప్రోటీన్‌ను కొలిస్తే సంచులను లెక్కపెట్టినట్టే. అవసరమైనప్పుడు డాక్టర్లు ఈ పరీక్ష రాస్తారు.

గోడలోకి చేరి ఆక్సీకరణం చెందిన ఎల్‌డీఎల్‌ను స్థూలభక్షక కణాలు మింగుతాయి. కొవ్వుతో నిండి 'నురుగు కణాలు'గా మారుతాయి. అక్కడ ఏర్పడే కొలెస్ట్రాల్ స్ఫటికాలు ఇంటర్‌ల్యూకిన్-1ను విడుదల చేయిస్తాయి. అంటే వాపు రేణువులను చెడగొడుతుంది, చెడిన రేణువులు వాపును పెంచుతాయి. ఈ రెండూ ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయి.

కీళ్లవాతం రోగులను చూస్తే ఈ సంగతి స్పష్టంగా తెలుస్తుంది. జబ్బు తీవ్రంగా ఉన్నప్పుడు వారి ఎల్‌డీఎల్ తక్కువగా ఉంటుంది. అయినా వారికి గుండెజబ్బు ముప్పు ఇతరులకన్నా సుమారు ఒకటిన్నర రెట్లు ఎక్కువ. ఇంటర్‌ల్యూకిన్-6ను అడ్డుకునే టోసిలిజుమాబ్ అనే మందు ఇచ్చినప్పుడు కీళ్ల వాపు తగ్గుతుంది, ఎల్‌డీఎల్ అంకె మాత్రం పెరుగుతుంది. వాపు అణచిపెట్టిన అంకె బయటపడుతుందన్నమాట.

ఇదంతా మన దేశానికి దగ్గరి విషయం. 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 52 దేశాల్లో జరిగింది. అందులోని వివరాలను విశ్లేషించి 2007లో ప్రచురించిన పత్రం ప్రకారం దక్షిణాసియా వారికి మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వస్తోంది. ఇతర ప్రాంతాల్లో అది 59 ఏళ్లకు దగ్గర. భారత వైద్య పరిశోధన మండలి తమిళనాడు, మహారాష్ట్ర, ఝార్ఖండ్, చండీగఢ్‌లలో జరిపించి 2014లో ప్రచురించిన సర్వేలో 72 శాతం మందికి హెచ్‌డీఎల్ తక్కువగా ఉంది. మూడింట ఒక వంతుకు దగ్గరగా ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా ఉన్నాయి. ఎల్‌డీఎల్ ఎక్కువగా ఉన్నవారు సుమారు 12 శాతమే.

మందుల పరీక్షలు నేర్పిన పాఠం

హెచ్‌డీఎల్ మంచిదైతే దాన్ని మందుతో పెంచితే సరిపోతుంది కదా? శాస్త్రజ్ఞులూ అలాగే అనుకున్నారు. టోర్సెట్రాపిబ్ అనే మందు హెచ్‌డీఎల్‌ను సుమారు 70 శాతం పెంచింది. అయితే ఆ మందు తీసుకున్నవారిలో మరణాలు ఎక్కువ కావడంతో 2006 డిసెంబరులో ఆ పరీక్షను ఆపేశారు. రక్తపోటును పెంచడం వంటి వేరే దోషాలు కూడా ఆ మందుకు ఉన్నాయి. కానీ ఆ తరువాత వచ్చిన నయాసిన్, డాల్సెట్రాపిబ్ పరీక్షల్లో కూడా హెచ్‌డీఎల్ పెరిగినా గుండెపోట్లు తగ్గలేదు. పుట్టుకతోనే ఒక జన్యువు కారణంగా హెచ్‌డీఎల్ ఎక్కువగా ఉన్నవారికి కూడా గుండెపోటు ముప్పు తగ్గలేదని 2012లో తేలింది. మరోపక్క, కణాల నుంచి కొలెస్ట్రాల్‌ను లాగే శక్తి ఎక్కువగా ఉన్న హెచ్‌డీఎల్ కలవారికి గుండెజబ్బు తక్కువగా ఉన్నట్టు 2011లో ప్రచురితమైన ఒక అధ్యయనం చూపింది. అంటే బస్సులు ఎన్ని ఉన్నాయన్నదానికన్నా, అవి తిరుగుతున్నాయా అన్నది ముఖ్యం.

వాపును తగ్గిస్తే మేలు జరుగుతుందా అన్న ప్రశ్నకు 2017లో కాంటోస్ పరీక్ష జవాబిచ్చింది. గుండెపోటు వచ్చి, సీఆర్‌పీ ఎక్కువగా ఉన్న 10,061 మందితో ఈ పరీక్ష జరిగింది. వారిలో కొందరికి ఇంటర్‌ల్యూకిన్-1ను అడ్డుకునే కనాకినుమాబ్ మందు ఇచ్చారు. వారి ఎల్‌డీఎల్ మారలేదు. అయినా ఒక మోతాదులో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి 15 శాతం తగ్గాయి. అయితే ప్రాణాంతకమైన ఇన్ఫెక్షన్లు కొంచెం పెరిగాయి. వాపు మన కాపలాదారు కూడా అన్న సంగతిని ఇది గుర్తుచేసింది. పాతకాలపు మందు కాల్చిసిన్ 2019లో ఒక పెద్ద పరీక్షలో ప్రయోజనం చూపినా, 2024లో మరో పెద్ద పరీక్షలో చూపలేదు. ఈ పరిశోధన ఇంకా సాగుతూనే ఉంది.

దీన్నిబట్టి ఎల్‌డీఎల్ నిర్దోషి అని మాత్రం అనుకోకండి. పుట్టుకతో ఎల్‌డీఎల్ అతిగా ఉండే పిల్లలకు చిన్న వయసులోనే గుండెపోటు రావచ్చు. కణాల మీద ఎల్‌డీఎల్ గ్రాహకాలు లోపించడమే దీనికి కారణమని చూపిన మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టెయిన్ 1985లో నోబెల్ బహుమతి పొందారు. ఎల్‌డీఎల్ కట్టెలైతే, వాపు వాటిని మండించే గాలి.

కూతురు చెప్పవలసిన జవాబు

ఇప్పుడు మళ్లీ ఆ ఇంటికి వెళ్దాం. ఆ అమ్మాయి ఇలా చెప్పవచ్చు. "నాన్నా, ఈ రెండో కాగితం నీకు న్యుమోనియా ఉన్నప్పటిది. అప్పుడు కొలెస్ట్రాల్ అందరికీ తగ్గుతుంది. హెచ్‌డీఎల్ 41 నుంచి 29కి పడిపోవడం, ట్రైగ్లిజరైడ్లు పెరగడం నువ్వు చూడలేదు. పూర్తిగా కోలుకున్నాక మళ్లీ పరీక్ష చేయిద్దాం. మాత్రల సంగతి డాక్టరుగారినే అడుగుదాం."

ఆమె మరొక మాట కూడా చెప్పాలి. తీవ్రమైన ఇన్ఫెక్షన్ తరువాతి రోజులు గుండెకు సురక్షితమైనవి కావు. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో జరిగి 2018లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఇన్‌ఫ్లుయెంజా నిర్ధారణ అయిన మొదటి ఏడు రోజుల్లో గుండెపోట్లు మామూలుకన్నా సుమారు ఆరు రెట్లు ఎక్కువగా కనిపించాయి. అంటే కాగితం మీద కొలెస్ట్రాల్ తక్కువగా కనబడే ఆ రోజుల్లోనే గుండెకు ముప్పు ఎక్కువ. ఛాతీ నొప్పి, ఆయాసం వంటివి కనిపిస్తే "రిపోర్టు బాగానే ఉంది కదా" అని ఊరుకోకూడదు.

జ్వరం, ఇన్ఫెక్షన్, శస్త్రచికిత్స వంటివి జరిగినప్పుడు కొలెస్ట్రాల్ పరీక్షను సాధారణంగా కొన్ని వారాలు, అంటే సుమారు ఆరు వారాల దాకా వాయిదా వేయడం మంచిది. ముందే చేయవలసి వస్తే, ఆ సమయంలో జబ్బుగా ఉన్నామని డాక్టరుకు తప్పక చెప్పాలి. గుండెపోటు వచ్చినవారికి మాత్రం మొదటి 24 గంటల్లోనే రక్తం తీస్తే అసలు అంకెకు దగ్గరగా తెలుస్తుంది. ఏ సందర్భంలోనైనా, డాక్టరు రాసిన మాత్రలను ఒక్క కాగితం చూసి సొంతంగా మానుకోకూడదు.

ఇక చల్లారని నిప్పు విషయంలో మన చేతుల్లో ఉన్నవి చాలానే ఉన్నాయి. పొగతాగకపోవడం, రోజూ నడవడం, పొట్ట పెరగనివ్వకపోవడం, చిగుళ్లను శుభ్రంగా ఉంచుకోవడం, మధుమేహాన్ని అదుపులో పెట్టుకోవడం వాపును తగ్గిస్తాయి. వీటిలో చాలావరకు మీ వయసులోనే మొదలుపెట్టవలసినవి.

ఆలోచించండి

1. మొత్తం కొలెస్ట్రాల్‌లోంచి హెచ్‌డీఎల్‌ను, ట్రైగ్లిజరైడ్లలో ఐదో వంతును తీసివేస్తే ఎల్‌డీఎల్ వస్తుంది. 1972లో ఫ్రైడ్‌వాల్డ్ తదితరులు ఇచ్చిన సూత్రం ఇది. పెద్దాయన రెండు కాగితాలకూ ఈ లెక్క వేసి సరిచూడండి. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ సూత్రం ఎందుకు పనికిరాదో ఊహించండి.

2. ఒకరికి ఎల్‌డీఎల్ 100, మరొకరికీ 100. ఇద్దరి ముప్పూ ఒకటేనా? బియ్యం సంచుల ఉదాహరణతో వివరించండి.

3. మీ ఇంట్లో పాత రక్తపరీక్ష కాగితాలు ఉంటే తీసి చూడండి. ఆ తేదీలకు ముందు నెలలో ఎవరికైనా జ్వరమో, శస్త్రచికిత్సో జరిగిందేమో అడిగి తెలుసుకోండి. జరిగి ఉంటే, ఆ సంగతిని కాగితం మీద తేదీ పక్కనే రాసి పెట్టండి. ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఆ ఒక్క మాట ఎంతో ఉపయోగపడుతుంది.